కౌలుమాట – నాగలాపురము మొదలు కౌల్ బజారు వరకు

బళ్ళారి పట్టణమున నివసించు తెలుగువారిలో కౌల్ బజారు పేరు ఎరుగనివారుండరు. దండు ప్రదేశమును ఆనుకొని వెలసిన ఆ పేటలో బేరములు చేసినవారము, బంధువుల యిండ్లకు పోయి వచ్చినవారము మనలో ననేకులము. కాని ఆ పేరునకు అర్థమేమని ఆలోచించినవారు కొలదిమందియే. ‘కౌల్’ అనునది అరబ్బీ భాషలో పుట్టి, పారసీకము ద్వారా దక్కనునకు వచ్చిన పదము. దాని మూలార్థము ‘మాట’. ఈ తావునకు వచ్చి ఇల్లు కట్టుకొనుము, అంగడి పెట్టుకొనుము, బీడు దున్నుకొనుము. ఇన్ని యేండ్లవరకు పన్ను అడుగము. పిమ్మట ఇంతమాత్రమే అడుగుదుము. నీ సొత్తు జోలికి ఎవరిని రానీయము – అను తాత్పర్యముతో పాలకుడు ప్రజకు వ్రాసి యిచ్చిన మాటయే కౌలు. ఆ మాట వ్రాసిన కాగితమే కౌలునామా. కొత్త ఊళ్ళు నిలుపుటకు, పాడుపడిన ఊళ్ళను తిరిగి నిలబెట్టుటకు దక్కను పాలకులు శతాబ్దములపాటు వాడిన సాధన మిదియే.

ఈ పాతమాటను ఇప్పుడు ఎత్తుకొనుటకు కారణము కలదు. పేదదేశముల దారిద్ర్యము తీరుటకు కొత్తనగరములు కట్టవలెననియు, వానికి తక్కిన దేశముతో నిమిత్తము లేని ప్రత్యేక శాసనములు, ప్రత్యేక పాలన ఉండవలెననియు నేడు లోకమున ఒక వాదము ప్రబలియున్నది. అమెరికా అర్థశాస్త్రవేత్త పాల్ రోమర్ 2009లో ఈ వాదమును గట్టిగా వినిపించెను. ఆయనకు 2018లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము వేరొక పరిశోధనకు లభించినను, ఈ నగరముల ఊహ కూడ ఆయన పేరుతోనే ప్రచారమైనది. చెడ్డ కట్టుబాట్ల నడుమ చిక్కిన పేదవానికి మంచి కట్టుబాట్లు గల ఊరొకటి దగ్గరలో కనబడినచో, అతడు తన కాళ్ళతో నడచి అచ్చటికి పోవును. అతని బ్రతుకు బాగుపడును – ఇది ఆ వాదము యొక్క సారము. వినుటకు ఇంపుగనే యున్నది. కాని ఇది నూతనమైన ఊహ యని తలంచుట మాత్రము పొరపాటు. మన తుంగభద్రా తీరము అయిదువందల యేండ్లుగా ఈ ప్రయోగమునకు రంగస్థలమై యున్నది. ఆ ప్రయోగములలో ఏది పేదవానికి అన్నము పెట్టినది, ఏది పెట్టలేదు అని చూచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట హోసపేటను చూతము. 2021లో బళ్ళారి జిల్లానుండి విడివడిన విజయనగర జిల్లాకు నేడది ముఖ్యపట్టణము. ‘హొస పేటె’ యనగా క్రొత్తపేట. పేరులోనే దాని పుట్టుక యున్నది. శ్రీకృష్ణదేవరాయలు విజయనగరమునకు నైరృతి దిక్కున నిర్మించిన నాగలాపురము ఇదియేనని చరిత్రకారులు నిర్ణయించిరి. ఆ పేరు రాయల తల్లివలన వచ్చినదా, ప్రియురాలివలన వచ్చినదా యను తర్కముతో మనకిక్కడ పనిలేదు. ఆ ఊరు ఎట్లు నిలిచినదో తెలిసికొనుటకు ఇద్దరు పోర్చుగీసువారి వ్రాతలు మనకు ఆధారములు. ఒకడు 1520 ప్రాంతమున రాజధానిని చూచిన డొమింగో పేస్. రెండవవాడు 1535 ప్రాంతమున తన వృత్తాంతమును వ్రాసిన గుర్రముల వర్తకుడు నూనిజ్. ఈ రెండు వ్రాతలను రాబర్టు స్యూయెల్ 1900లో ఆంగ్లములో ప్రకటించెను.

రాయలు తన క్రొత్తపురమునకు నీరు లేనిది జనము నిలువరని ఎరుగును. అందుచేత రెండు కొండవరుసల నడుమ పెద్ద కట్ట పోయించి చెరువు నిర్మింప పూనుకొనెను. ఆ పనికి జొవావ్ దె లా పాంటె అను పోర్చుగీసు శిల్పి సాయమునుగూడ కోరెనని నూనిజ్ వ్రాసినాడు. నీరు వచ్చిన తరువాత రాయలు చేసిన ఏర్పాటే మనకిక్కడ ముఖ్యము. ఆ నీటిక్రింద సాగగు భూములను ప్రజలకు తొమ్మిదియేండ్లు పన్ను లేకుండ ఇచ్చెను. రైతులు నేల చదును చేసికొని, కాలువలు తీసికొని, వరిమళ్ళు, తోటలు వేసికొని నిలదొక్కుకొనుటకు అంత గడువు పట్టునని ఆయన లెక్క. గడువు తీరిన పిమ్మట ఆ భూములవలన ఇరువదివేల పర్దావులు, అనగా వరహాలు, ఆదాయము వచ్చుచున్నదని నూనిజ్ చెప్పుచున్నాడు. తొమ్మిదియేండ్ల ఓపిక యొక్క ఫలమది. ఆ దినములలో కౌలు అను మాట వాడినను వాడకున్నను, ఈ ఏర్పాటు నిజమునకు కౌలే.

ఇది రాయలు ఒక ఊరికొరకు అప్పటికప్పుడు చేసిన ఏర్పాటు మాత్రమే కాదు. ఆయన ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమును చదివినవారికి ఈ సంగతి తెలియును. రాజ్యము చిన్నదైనను చెరువులు కాలువలు త్రవ్వించి, పేదరైతుకు పన్నులో, పంటపాలులో సడలింపు ఇచ్చి వృద్ధికి తెచ్చినచో ధనము, ధర్మము రెండును పెరుగునని ఆయన అచ్చట చెప్పినాడు. రేవులను బాగుచేసి వర్తకము పెంచవలెననియు, గాలివానకు దారితప్పి తన రేవు చేరిన పరదేశపు నావికులను ఆదరింపవలెననియు కూడ చెప్పినాడు. సడలింపు దొరకవలసినది పేదవానికి అనుట గమనింపదగినది. నేటి ప్రత్యేక మండలముల శాసనములలో సడలింపు పెద్ద పెట్టుబడి పెట్టువానికి మొదట దొరకును. పేదవానికి అందునది తరువాతి మాట. రాయల లెక్కలో వరుస తలక్రిందు.

అయినను నాగలాపురమును మేము స్వర్ణయుగమని పొగడబోము. అదే పోర్చుగీసు వ్రాతలలో చీకటిపుటయు కలదు. చెరువుపనిలో పదునైదు, ఇరువదివేలమంది చీమలవలె పనిచేయుచుండుట తాను చూచితినని పేస్ వ్రాసినాడు. కట్ట రెండు మూడుసారులు తెగినది. దేవత కోపించినదని చెప్పగా, అరువదిమంది మనుష్యుల తలలను, కొన్ని గుర్రములను, ఎనుబోతులను గుడివాకిట నరికించిరని అతడు చెప్పినాడు. ఆ మనుష్యులు మరణదండనకు పాత్రులైన బందీలని నూనిజ్ మాట. ఎట్లైనను, కొత్తనగరపు పునాదిలో మాట లేనివారి నెత్తురు కలదనుట చరిత్ర. ఆ నగరములలోనికి పోవు ద్వారమున సరకులకే గాక మనుష్యులకు, తలమీది మూటలకుగూడ సుంకము గుంజెడివారట. నగరద్వారమొకటి ఏటికి పండ్రెండువేల పర్దావులకు గుత్తకు పోయినదనియు, దినమునకు రెండువేల పెరికెయెడ్లు అందు ప్రవేశించుననియు, కొమ్ములులేని కొన్ని యెడ్లకు తప్ప తక్కినవానికి సుంకము తప్పదనియు నూనిజ్ వ్రాసినాడు. ఊరి వెలుపల సేద్యగానికి తొమ్మిదియేండ్ల మాఫీ. ఊరి వాకిట గుత్తదారుడు అడిగినదే సుంకము. ఒకే రాజ్యములో, ఒకే కాలములో ఈ రెండును కలసి నడచినవి.

మాట యిచ్చి ఊరు నిలుపు ఈ పద్ధతి రాయలతోనే పుట్టినది కాదు. తెలుగుసీమలో అంతకు మూడువందల యేండ్లకు పూర్వపు ఉదాహరణము ఒకటి రాతిమీద నిలిచియున్నది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244–45లో వేయించిన అభయశాసనము అది. అంతకుముందు రాజులు, గాలికి కొట్టుకొనివచ్చి ఒడ్డునపడిన ఓడలలోని ఏనుగులను, గుర్రములను, రత్నములను సర్వమును బలాత్కారముగా పుచ్చుకొనెడివారు. ప్రాణములకు తెగించి సముద్రము దాటి వచ్చువారి సొత్తును అట్లు దోచుట అధర్మమని తలచి, ఏర్పరచిన సుంకము తప్ప వేరేమియు పుచ్చుకొనమని గణపతిదేవుడు అభయమిచ్చెను. సుంకము ముప్పదింట నొకవంతు. ఆ లెక్క రాతిమీద చెక్కబడినది గనుక ఓడవర్తకుడు అధికారి నోటిమాటకొరకు కాచుకొనవలసిన పనిలేదు.

కాకతీయులు పోయిరి. రేవు రెడ్డిరాజుల చేతికి వచ్చెను. 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మరల శాసనము వేయించెను. వచ్చి కాపురముండు వర్తకులను గౌరవించి భూములిత్తుమనియు, వారు తిరిగి పోదలచినచో ఆపబోమనియు, తెచ్చిన సరకు తమకు తోచినవారికి అమ్ముకొనవచ్చుననియు, బిడ్డలులేక చనిపోయినవాని సొత్తు రాజు పుచ్చుకొనెడి అపుత్రిక పన్ను విడిచితిమనియు అందులోని మాటలు. వచ్చువారందరికి తెలియవలెనని ఆ శాసనమును సంస్కృత, తెలుగు, తమిళములలో వ్రాయించిరి. మోటుపల్లిలో మనము నేర్చుకొనవలసిన పాఠము రెండు ముక్కలలో చెప్పవచ్చును. మొదటిది, మాట వ్రాతలో ఉండవలెను. వచ్చినవాని భాషలో ఉండవలెను. రెండవది, రాజు మారినను, వంశము మారినను ఆ మాటను క్రొత్తపాలకుడు మరల తనదిగా చెప్పవలెను. ఒక్కసారి యిచ్చి మరచిన మాటతో ఊరు నిలువదు.

ఇక మూడవ ఉదాహరణము. ఇందులో మాట యిచ్చినవాడు తెలుగువాడు, పుచ్చుకొన్నవాడు పరదేశి. విజయనగర ప్రభువుల క్రింద సామంతుడైన దామర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీవారికి మద్రాసుపట్నమున కోట కట్టుకొనుటకు అనుమతి వ్రాసి యిచ్చెను. కోట ఏర్పడిన తరువాత రెండేండ్లవరకు ఊరి పాలన పూర్తిగా కంపెనీది. పిమ్మట రేవు ఆదాయములో చెరిసగము. నాణెములు వేసికొను హక్కును కలదు. నాయకుని తండ్రి చెన్నప్ప పేర ఆ ఊరు చెన్నపట్నమైనది. కంపెనీవారును వెంటనే తాము కౌలు చాటిరి. వచ్చి కాపురముండువారు తిను, త్రాగు, కట్టు వస్తువులపై ముప్పదియేండ్లు సుంకము లేదనిరి. సాలెవారు, అద్దకమువారు, వర్తకులు తండోపతండములుగా వచ్చిరి. ఇసుకదిబ్బ పట్నమైనది. 1687 నాటి కంపెనీ పత్రముచేత మరుసటి యేట అచ్చట పురపాలకసభ ఏర్పడినపుడు చిన వెంకటాద్రి వంటి వర్తకులకు గూడ ఆల్డర్మన్ పదవులు లభించినవి. నేడు లోకమున చెప్పుచున్న ప్రత్యేకపాలనా నగరమునకు ఇంతకన్న దగ్గరి పూర్వరూపము మరియొకటి మాకు కనబడలేదు.

చెన్నపట్నమున వేలకొలది కుటుంబములు పొట్టపోసికొన్న మాట నిజము. కోటలోని తెల్లవారి ఊరు వేరుగా, వెలుపలి నల్లవారి ఊరు వేరుగా నుండెననుటయు నిజమే. కాని అంతకన్న పెద్దమాట వేరే యున్నది. నాయకుడిచ్చినది పన్ను సడలింపు మాత్రము కాదు, పాలనాధికారమును ఇచ్చెను. పన్ను సడలింపునకు గడువు తీరును. ఇచ్చిన అధికారము దానంతట తిరిగిరాదు. రేవు ఆదాయములో సగము ఆశించి యిచ్చిన ఆ పత్రము పుట్టిన 161 ఏండ్లకు, అదే కంపెనీ బళ్ళారి కోటలో జెండా యెత్తినది. 1800లో నైజాము తన సైన్యవ్యయము క్రింద బళ్ళారి, కడప మున్నగు సీమలను కంపెనీకి ధారాదత్తము చేసెను. దత్తమండలములను పేరు అందువలననే వచ్చినది.

ఆ విధముగా, కౌలు పుచ్చుకొన్నవాడు కౌలు ఇచ్చువాడై మన ఊరికి వచ్చినాడు. బళ్ళారి దండు ప్రదేశమైనది. దండు ఉన్నచోట అంగళ్ళు కావలెను. వడ్రంగులు, కమ్మరులు, దర్జీలు, బండ్లవారు కావలెను. వారు నిలిచిన పేటకు ‘కౌల్ బజారు’ అను పేరు నిలిచిపోవుటయే, వారు మాట పుచ్చుకొని వచ్చినవారనుటకు సాక్ష్యము. ప్రక్కనే ఒక ఆంగ్లేయాధికారి పేర బ్రూసుపేట వెలసినది. కన్నడము, తెలుగు, ఉర్దూ, అరవము, మరాఠీ ఒకే వీథిలో వినవచ్చు ఊరుగా బళ్ళారి రూపొందుటకు ఈ పేటలే పునాదులు.

ఊరి మాట అటులుండగా పల్లెలలో ఏమి జరిగినదో చూడవలెను. దత్తమండలములకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో, గుడారములలో తిరుగుచు రైతు రైతుతో శిస్తు నిర్ణయించు రైతువారీ పద్ధతిని పెట్టెను. ఉద్యోగము విడిచి పోవునపుడు, శిస్తు ఎక్కువైనదని తానే ఒప్పుకొని, నూటికి ఇరువదియైదు చొప్పున తగ్గింపవలెనని 1807లో పైవారికి వ్రాసెను. పైవారు వినలేదు. మొదట మూడేండ్లకు, పిమ్మట పదియేండ్లకు గ్రామములను గుత్తకిచ్చిరి. గుత్తదారులు చితికిపోయిరి, రైతులు నలిగిపోయిరి. 1820లో మన్రో చెన్నపట్నమునకు గవర్నరుగా వచ్చిన తరువాతనే తగ్గింపుతో కూడిన రైతువారీ మరల వచ్చినది. ఒక్క అధికారి స్వభావముపై ఆధారపడిన మేలు, ఆ అధికారి ఓడయెక్కగానే పోవుననుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. దండుబజారు కళకళలాడుచుండగనే చుట్టు పల్లెలు క్షామములకు గురియైనవి. 1876–78 నాటి ధాత కరవు ఈ సీమను ఎట్లు ఊడ్చినదో పెద్దల నోట తరతరములుగా వినియే యున్నాము. కౌలు పేటకు అందినది. పల్లెకు నీరు అందలేదు.

ఆ నీరు 1953లో వచ్చినది. అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరెను. బళ్ళారి మైసూరున చేరెను. సరిహద్దు గీత మన యిండ్ల నడుమనే పడినది. గీతకు ఇరువైపులకును పారినది మాత్రము తుంగభద్ర నీరే. 1945లో పునాది వేసిన ఆనకట్ట పూర్తియగుచుండగా గోదావరి, కృష్ణా, గుంటూరు సీమల రైతులు సిరుగుప్ప, కంప్లి ప్రాంతములకును, ఏటి ఆవలి గంగావతి, సింధనూరు ప్రాంతములకును తరలివచ్చి, చవుకగా దొరకిన భూములు కొని, ఊళ్ళు కట్టుకొనిరి. ఆ ఊళ్ళనే నేటికిని ‘క్యాంపు’ అందుము. ఈ సంచిక చదువువారిలో క్యాంపులలో పుట్టినవారు ఎందరో కలరు. ఈ ఊళ్ళకు ప్రత్యేకశాసనము లేదు, పన్ను మాఫీ లేదు, కౌలునామా లేదు. కాలువలో నీరు వచ్చుననెడి నమ్మకమొక్కటే వారిని నిలిపినది. ఆ నమ్మకమే కౌలు.

మనవారి కష్టమును మేము తక్కువచేయుట లేదు. ముండ్లపొదలు నరికి వరి పండించిన చేతులవి. కాని నిజము పూర్తిగా చెప్పవలెను గదా. నీరు రాకముందే ఎకరములు అమ్ముకొన్న స్థానికుడైన మెట్టరైతు, తరువాత అదే పొలములో కూలికి వచ్చిన సందర్భములును కలవు. జలాశయము క్రింద మునిగిన పల్లెలవారు తమ ఊళ్ళను, దేవళ్ళను విడిచి పోయిరి. ఒకరికి క్రొత్త ఊరు, మరియొకరికి పోయిన ఊరు. ఈ లెక్క వేయక కొత్తనగరములవలన దారిద్ర్యము తగ్గినదని చెప్పుట సగములెక్క.

ఈ దృష్టితో నేటి లోకమును చూతము. చీనాదేశమున 1980లో ప్రత్యేక ఆర్థికమండలముగా ప్రకటింపబడిన షెన్‌జెన్, నాడు కొన్ని లక్షల జనము గల ప్రాంతము. 2020 జనగణన నాటికి కోటి డెబ్బదియైదు లక్షలు దాటినది. పల్లెల పేదలు కోట్లకొలది ఇటువంటి నగరముల కర్మాగారములలో కూలి సంపాదించి ఇండ్లకు పంపిరి. ప్రయోజనము కాదనరానిది. కాని ఆ వచ్చినవారిలో చాలమందికి చిరకాలము ఊరి నివాసపు హక్కు దొరకలేదు. పిల్లల చదువునకు, వైద్యమునకు వారు పరాయివారుగనే యుండిరి. మధ్య అమెరికాలోని హోండురాస్ దేశము 2013లో శాసనము చేసి, స్వంత పాలన గల మండలములకు అనుమతించెను. రొవాతాన్ ద్వీపమున ప్రొస్పెరా అను నగరము మొదలైనది. ప్రభుత్వము మారగా 2022లో ఆ శాసనము రద్దయ్యెను. 2024లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము అది రాజ్యాంగవిరుద్ధమనెను. పెట్టుబడిదారులు వేయికోట్ల డాలర్లకు పైబడిన దావా తెచ్చిరి. ప్రజల సమ్మతి లేక ఇచ్చిన కౌలు దేశమునకును నిలువలేదు, పుచ్చుకొన్నవానికిని నిలువలేదు.

అంతదూరమేల? మన తెలుగునాటనే అమరావతి యున్నది. అచ్చట రైతులు 2015లో సుమారు 33 వేల యెకరములు రాజధానికొరకు సమీకరణములో ఇచ్చిరి. వారికి పదియేండ్లు కౌలు – అక్షరాల ఆ మాటనే వాడిరి – పిమ్మట అభివృద్ధి చేసిన స్థలములు. భూమిలేని కుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను అని ఏర్పాటు. 2019లో ప్రభుత్వము మారి మూడు రాజధానుల ప్రకటన వచ్చినది, పనులు నిలిచినవి, 2024లో మరల ప్రభుత్వము మారి, 2025లో పనులు తిరిగి మొదలైనవి. ఏ పక్షము మంచిదను చర్చ మా పని కాదు. రైతు మాట యిచ్చినది ఒక పక్షమునకు కాదు, రాజ్యమునకు. రాజ్యము తన మాటను పాలకులు మారినపుడెల్ల మరల మొదటినుండి చర్చకు పెట్టినచో, రేపు ఏ రైతు ఏ నగరమునకు భూమి ఇచ్చును? కాకతీయులు ఇచ్చిన అభయమును రెడ్డిరాజులు తమ మాటగా మరల రాతిపై చెక్కించిరి. ఏడువందల యేండ్లనాటి ఆ మర్యాద నేటి ప్రజాప్రభుత్వములకు చాలని పెద్దపని కాదు.

ఇన్ని ఉదాహరణములను పోల్చి చూచిన పిమ్మట మాకు తోచినది ఇది. కొత్తనగరము దారిద్ర్యమును తగ్గింపగలదు. కాని నగరము కట్టుటవలన కాదు, మాట నిలుపుటవలన. ఆ మాటను మూడు విధములుగా పరీక్షింపవలెను. మొదటిది, అది ఎవరి చేతికి ఇచ్చినారు? నాగలాపురపు చెరువుక్రింద రైతు చేతికి ఇచ్చిరి గనుక ఫలించెను. నగరద్వారమున గుత్తదారునికి ఇచ్చిరి గనుక పేదవాని తలమూటను పట్టుకొన్నది. రెండవది, పాలకుడు మారినపుడు అది నిలుచునా? మూడవది, సడలింపు ఇచ్చుచున్నారా, అధికారమే ఇచ్చివేయుచున్నారా? మొదటిది ఔదార్యము, రెండవది ఎట్లు పరిణమించునో దత్తమండలముల ప్రజలకంటె బాగుగ ఎరిగినవారెవరు?

కౌలు అను పదము గతినిగూడ ఒకసారి తలచుకొందము. ఒకప్పుడది పేదవాడు పాలకునినుండి పొందిన రక్షణపత్రము. నేడు తెలుగులో కౌలుదారు అనగా, తాను దున్ను నేలపై కాగితము లేనివాడు, అప్పు పుట్టనివాడు, పంటపోయినచో పరిహారము మరియొకరి పేర పోవుట చూచువాడు. ఇతని కొరకు ఆంధ్రప్రదేశమున 2011లో ఒకటి, 2019లో మరియొకటి శాసనములు చేసినను, అతని చేతికి ఆ పత్రము సులభముగ అందుట లేదు. ‘మాట’ అని అర్థముగల పదము, మాట దక్కనివానికి పేరైనది.

1565 జనవరిలో రాక్షసతంగడి యుద్ధమున రామరాయలు కూలెను. కొలది దినములలో విజయనగరము దోపిడికి పాలయ్యెను. నగరద్వారపు గుత్త, అంగడివీథులు, మేడలు సర్వము పోయినవి. రాయలు అంత శ్రమపడి పోయించిన పెద్దచెరువు సైతము హోసపేటకు దక్షిణమున కట్టమాత్రము మిగిలి నిలిచినది. కాని 1521 ప్రాంతమున రాయలే తీయించిన బసవన్న కాలువ నేటికిని పారుచున్నది; ఇప్పుడది తుంగభద్రా జలాశయమునుండి నీరు పుచ్చుకొని హోసపేట మళ్ళను తడుపుచున్నది. మేము మొన్న హంపికి పోవుచు ఆ కాలువగట్టున ఆగితిమి. అరటితోటకు మడవ మార్చుచున్న ముదుసలి రైతును ఈ కాలువ ఎవరిదని అడిగితిమి. ‘రాయలదే’ అనెను. నీరు ఏ వారమున ఏ మడికి రావలెనో కూడ చెప్పెను. నాలుగువందల యేబది యేండ్లకు పైగా ఏ రాజు వచ్చినను, ఏ దొర వచ్చినను ఆ వంతు తప్పలేదనుటయే అతని నమ్మకము.

మన సంఘమువారికి ఒక మనవి. మన పాతయిండ్ల పెట్టెలలో కౌలునామాలు, శిస్తు రసీదులు, క్యాంపులు కట్టుకొన్ననాటి క్రయపత్రములు ఎన్నో చెదలు పట్టుచున్నవి. వానిని చేర్చి, నకళ్ళు తీయించి, భద్రపరచినచో అది నూరు ఉపన్యాసములకంటె మిన్న. రేపు ఈ జిల్లాలోగాని, గీతకు అవతల మనవారి జిల్లాలలోగాని కొత్తనగరము కట్టుదుమని ఎవరైన వచ్చినపుడు, పటములు చూచి మురియకముందే, కౌలు ఎవరి చేతికిచ్చుచున్నారని అడుగుటకు ఆ పాతకాగితములు మనకు ధైర్యమిచ్చును.